మూడు ఉద్ధరిణెల అమృతం

చంద్రకాంతమ్మ హరికథకు బడిపిల్లలు ముందు కూర్చునేవాళ్ళు, ముసలివాళ్ళు వెనక కూర్చునేవాళ్ళు. చిత్తూరు జిల్లాలో ఇంకే భాగవతారు కథకూ ఈ వింత లేదు. మామూలుగా మధ్యాహ్నపు హరికథ అంటే, అన్నం తిన్న పెద్దవాళ్ళు వక్కాకు నములుతూ, పందిరి గుంజకు ఆనుకుని, పుణ్యం మూటగట్టుకుంటూ కునుకు తీసే కార్యక్రమం. పిల్లలు ఆ ఛాయలకు రారు. ఈమె కథ ఉందంటే మాత్రం వేసవి సెలవుల్లో కూడా పక్క ఊళ్ళ హైస్కూలు పిల్లలు ఎండలో నడిచి వచ్చేవాళ్ళు. పాట కోసం కాదు. పాటకు వంక పెట్టలేం గానీ, వాళ్ళు వచ్చేది పిట్టకథ కోసం.

హరికథ చెప్పేవాళ్ళకు ఒక అలవాటుంది. జనం కళ్ళు మూతలు పడుతున్నాయనిపిస్తే చిడతలు ఆపి ఒక చిన్న కథ అందుకుంటారు. అత్తాకోడళ్ళ కథో, పిసినారి షావుకారు కథో. జనం నవ్వుతారు, నిద్ర వదులుతుంది, మళ్ళీ రాముడు అడవికి బయలుదేరతాడు. చంద్రకాంతమ్మ ఆ చోట అత్తాకోడళ్ళను పెట్టదు. ఆ మధ్య లోకంలో కొత్తగా ఏం కనిపెట్టారో అది చెబుతుంది.

డెబ్భై అయిదులో ఆర్యభట ఉపగ్రహం పైకి పోయినప్పుడు దాన్ని ధ్రువచరిత్ర మధ్యలోకి తెచ్చింది. ధ్రువుడు కదలకుండా కూర్చున్నాడు, ఈ ఆర్యభటయ్య మాత్రం నిలకడ లేక భూమి చుట్టూ గిరగిరా తిరుగుతున్నాడు, ఎక్కిన రాకెట్టు రష్యా వాళ్ళదైనా పిల్లవాడు మనవాడే అని చిందులేసి చెప్పింది. డెబ్భై ఏడులో యురేనస్ గ్రహానికి వలయాలున్నాయని తెలిసింది. అది పార్వతీ కల్యాణంలో పెళ్ళికూతురికి వడ్డాణం పెట్టే చోట వచ్చింది. ఆ గ్రహం ఒక నక్షత్రానికి అడ్డంగా పోబోతుంటే, నక్షత్రం ముందే ఆరి ఆరి వెలిగిందట. అడ్డమొచ్చిందేమిటా అని చూస్తే వడ్డాణమట. మన పక్కనే, వాణియంబాడి అవతల కావలూరు కొండ మీద దుర్భిణి పెట్టుకున్నవాళ్ళు కూడా ఆ నక్షత్రాన్ని చూస్తూనే కూర్చున్నారట. "సూడండి నాయనా, అంత పెద్ద పెద్దోళ్ళు అన్నేండ్లు సూసి సూసి మొన్న కనుక్కున్నారంటే, మీకు ఇంకా శానా మిగిలుండాది" అని పిల్లలతో అనేది. ఆ మాట విన్న పిల్లలు తమ వాటా ఎక్కడో దాచి ఉంచినట్టు ఆకాశం వైపు చూసేవాళ్ళు.

ఈ పిచ్చి ఆమెకు ఊరికే పట్టలేదు. ఎనిమిదో తరగతిలో ఉండగా సైన్సు మాస్టరు ఏ ప్రశ్న వేసినా మొదట లేచే చెయ్యి ఆమెదే. గొంతు కూడా మంచిదై కూర్చుంది, అదే కొంప ముంచింది. నాయన పేరున్న భాగవతారు. తన విద్య తనతోనే పోకూడదని కూతురిని బడి మాన్పించి కాలికి గజ్జె కట్టాడు. ఆమె ఏడ్చింది, తర్వాత నేర్చుకుంది, తర్వాత నాయనను మించింది. అయినా సైన్సు పుస్తకం మధ్యలో మూసేసిన బాధ పోలేదు. నలభై దాటినా ఆమె ఇంకా ఎనిమిదో తరగతి పాసు కావడానికి చదువుతున్నట్టే ఉండేది.

ఆమె వెనక మృదంగం వాయించేది భర్త మునిరత్నం. ఆయన రోజంతా మాట్లాడే మాటలు కలిపినా ఒక తాళానికి చాలవు. హార్మోనియం బుడేన్ సాహెబ్‌ది. నాయన కాలం నుంచీ ఉన్న మనిషి. ఆమె ఆయన్ని మామా అంటుంది, ఆయన ఆమెను బిడ్డా అంటాడు. అయిదు పూటలా నమాజు చేస్తాడు, భారతంలో ఏ పద్యం తర్వాత ఏ పద్యమో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. ఒక ఊళ్ళో పెద్దమనిషి ఒకాయన, "హరికథలో ఈ రాకెట్లేందమ్మా" అని గొణిగితే బుడేన్ సాహెబే అడ్డం పడ్డాడు. "పుష్పకవిమానం పోతే లేని తప్పు రాకెట్టు పోతే యాడ నుంచి వచ్చిందప్పా" అన్నాడు.

ఇక ఆమెకు కొత్త సంగతులు చేరవేసేవాడు ధనంజయ మాస్టరు. చిత్తూరులో వాళ్ళ ఇంటి ముందు భాగంలో అద్దెకుండే సైన్సు అయ్యవారు. ఆయన గ్రంథాలయంలో ఇంగ్లీషు పత్రికలు చదివి వచ్చి, సాయంత్రం అరుగు మీద కూర్చుని చెప్పేవాడు. ఆమె కూరాకు ఏరుతూ వినేది. అర్థం కాకపోతే మళ్ళీ చెప్పించుకునేది. సగం అర్థమైన సంగతిని పందిట్లోకి తీసుకుపోయేది కాదు. ఇది ఆమె గురించి గట్టిగా చెప్పాల్సిన మాట, ఎందుకంటే తర్వాత జరిగిన పొరపాటు అర్థం కాక జరిగింది కాదు.

డెబ్భై తొమ్మిది వేసవిలో లోకమంతా అమెరికా వాళ్ళ అంతరిక్షశాల స్కైలాబు నెత్తిన పడుతుందని మాట్లాడుకుంటోంది. ఆమె దాని గురించే అడుగుదామని కూర్చుంటే మాస్టరు వేరే సంగతి ఎత్తాడు. ఇంగ్లండులో డాక్టర్ల పత్రిక ఒకటి, ఈ శతాబ్దంలో వైద్యానికి దొరికినవాటిలో ఇదే అన్నిటికంటే పెద్దది కావచ్చు అని ఒక మందు గురించి రాసిందట. ఆ మందు ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళు.

"నవ్వులాటగా ఉండాదా అక్కా" అన్నాడు మాస్టరు. "బేదులప్పుడు వట్టి నీళ్ళు తాగితే పేగులు సరిగా లోపలికి తీసుకోవు. ఉప్పు ఒక్కటే వేసినా అంతే. చక్కెర తోడుంటే మాత్రం, దాని చెయ్యి పట్టుకొని ఉప్పు లోపలికి పోతాది. ఉప్పెనకాల్నే నీళ్ళు పోతాయి. అది కనుక్కునేదానికి ఇన్నేండ్లు పట్టింది."

బంగ్లాదేశ్ యుద్ధమప్పుడు సరిహద్దు శిబిరాల్లో కలరా వచ్చిందనీ, సూదితో ఎక్కించే సెలైను సీసాలు అయిపోతే ఒక డాక్టరు వేరే దారి లేక ఈ నీళ్ళు డ్రముల్లో కలిపించాడనీ, తల్లులే బిడ్డలకు గ్లాసుల్లో పట్టుకుపోయి తాగించారనీ, చావులు ఎన్నో రెట్లు తగ్గిపోయాయనీ చెప్పాడు. చంద్రకాంతమ్మ చేతిలోని ఆకు చేతిలోనే ఉండిపోయింది. ఆమె చిన్నప్పుడు తమ్ముడొకడు బేదులతో పోయాడు. పోయేముందు నీళ్ళు అడిగాడు. బేదులు పట్టిన బిడ్డకు నీళ్ళిస్తే ఇంకా పోతాయని ఎవరూ ఇవ్వలేదు. అమ్మ తడిగుడ్డతో పెదాలు తుడిచింది. అందరు తల్లులూ చేసిందే ఆ తల్లీ చేసింది. అయినా ఆ సంగతి తలచుకుంటే చంద్రకాంతమ్మకు ఇప్పటికీ దుఃఖం కంటే ముందు కోపం వస్తుంది, ఎవరి మీదో తెలియదు.

"ఇది నేను ఊరూరా చెప్తా మాస్టరూ" అంది.

"చెప్పండక్కా. కొలత మాత్రం తప్పనీయొద్దు. లీటరు నీళ్ళకు ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, చెంచా అంచుకు సమంగా తలగొట్టి. ఉప్పు ఎక్కువైతే చెరుపు. బేదికి బేదికి మధ్య తాగిస్తానే ఉండాల. చంటిబిడ్డకు పాలు ఆపగూడదు. అదంతా గూడా చెప్పండి."

"ఆ సంగతి నాకొదిలెయ్" అంది చంద్రకాంతమ్మ. చెప్పడంలో ఆమెకు మాస్టరు పాఠం నేర్పేదేముంది. చెప్పేవాడికి వినేవాడు లోకువ అని ఊరికే అనలేదు.

ఆ నెలలోనే బంగారుపాళ్యం దగ్గర మామిడిమానిపల్లెలో భారతం పెట్టారు. ఆ వైపు ఊళ్ళల్లో వానల కోసం భారతం చెప్పిస్తారు. పద్దెనిమిది రోజులు పగలు హరికథ, రాత్రి వీధినాటకం. మధ్యలో ఆగితే ఊరికి అరిష్టమని నమ్మకం. తోటల్లో కాయ కోతకొచ్చే కాలం. ఎక్కడ చూసినా తొక్కలూ, టెంకలూ, ఈగలూ. బావుల్లో నీళ్ళు అడుగంటి ఉన్నాయి. కోతకు కూలికొచ్చినవాళ్ళ పిల్లల్లో ఇద్దరికో ముగ్గురికో అప్పటికే బేదులు మొదలయ్యాయి.

ఆదిపర్వంలో క్షీరసాగర మథనం వచ్చిన రోజున ఆమె ఈ పిట్టకథ అందుకుంది. అంత బాగా తన జన్మలో ఇంకే పిట్టకథా చెప్పలేదని బుడేన్ సాహెబ్ తర్వాత కూడా అనేవాడు. దేవతలు, రాక్షసులు కలిసి చిలికితే పాలసముద్రంలో అమృతం పుట్టింది, డాక్టర్లు చిలికితే ఉప్పుసముద్రంలో పుట్టింది అని ఎత్తుకుంది. శిబిరాల్లో డ్రముల ముందు వరుస కట్టిన తల్లులను చెబుతుంటే ఆడవాళ్ళు కొంగులు కళ్ళకు పెట్టుకున్నారు. అక్కడితో ఆగి ఉంటే సరిపోయేది. ఆగలేదు. పూజ కోసం పెట్టిన ఇత్తడి కలశం తెప్పించి, కొలత చెప్పి, ఆ నీళ్ళు వేదిక మీదే కలిపింది. ఎలా ఉంటుందో అందరికీ తెలియాలని, పందిట్లో వరుసల మధ్య మోహినిలాగా నడుస్తూ, ఉద్ధరిణెతో ఒక్కొక్కరి అరచేతిలో మూడేసి పోసింది. జనం కళ్ళకద్దుకుని తాగి, తడిచెయ్యి తలకు రాసుకున్నారు.

అప్పుడు ముందు వరుసలో ఉన్న పదో తరగతి పిల్ల ఒకతె లేచి, "ఎంత తాగాలక్కా" అని అడిగింది. సరైన ప్రశ్న. మాస్టరు చెప్పిన జవాబు చంద్రకాంతమ్మ నాలుక చివరే ఉంది. కానీ మృదంగం మంచి ఊపులో ఉంది, పందిరంతా ఆమె నోటివైపే చూస్తోంది. "అమృతానికి కొలతేముంది తల్లీ, చుక్క చాలు" అని చిడత కొట్టి తిరిగింది. జనం గోవిందా అన్నారు. తర్వాత గరుత్మంతుడు వచ్చాడు, ఆ పిల్ల కూర్చుంది.

"వాళ్ళు తలకు రాసుకుంటాండారు బిడ్డా" అన్నాడు బుడేన్ సాహెబ్ కథ అయ్యాక, హార్మోనియం మూత వేస్తూ.

"రాసుకుంటే మంచిదే కదా మామా, గుర్తుంటాది" అంది ఆమె నవ్వుతూ.

అమృతం పంచిన మూడో రోజు పొద్దెక్కాక, కథాబృందం దిగిన భజనమందిరానికి పంకజాక్షి అనే కోడలు పిల్ల బిడ్డను భుజాన వేసుకుని వచ్చింది. మొగుడు మామిడికాయల లారీతో బెంగుళూరు పోయి ఉన్నాడు. వెనక అత్త సుబ్బులమ్మ. బిడ్డ పేరు చిన్నబ్బ, ఇంకా ఏడాది నిండలేదు. కళ్ళు గుంటలు పడ్డాయి, నడినెత్తి లోపలికి దిగింది. ఏడుస్తున్నాడు గానీ శబ్దం లేదు, కన్నీళ్ళు లేవు.

"మీరు చెప్పినట్టే ఇచ్చినామమ్మా" అంది పంకజాక్షి. "అయినా నిలవలేదు. నిన్న మాపటి నుంచి ఒంటికి గూడా పోలేదు."

చంద్రకాంతమ్మ బిడ్డ పొట్ట మీద చర్మం మెల్లగా పట్టి వదిలింది. ఒంట్లో నీళ్ళు లేక మడత అలాగే నిలబడింది. "ఎంత ఇచ్చినారు" అని అడిగింది.

జవాబు సుబ్బులమ్మ చెప్పింది, తప్పు చేయని మనిషి గొంతుతో. "మీరు పోసినంతే తల్లీ. పొద్దున మూడు ఉద్ధరిణెలు, మాపుకు మూడు. ఆ పొద్దు కలశంలో మిగిలింది శీసాలో పట్టుకొచ్చి దేవుడి గూట్లో పెట్టుకొన్నా. స్నానం జేయకుండా ముట్టలేదు."

"పాలు?"

"అమృతం పోసిన నోట్లో పాలు పోసి ఎంగిలి జేస్తామా. నీళ్ళు గూడా ఇయ్యలా. చుక్క చాలంటిరి గదా."

శీసా కూడా తెచ్చింది. చంద్రకాంతమ్మ మూత తీసి వాసన చూస్తే పులిసిపోయి ఉంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నది ఎవరి గురించో అనుకుంటాం. ఈసారి అది తన గురించే. ఆమె శీసాలోది గడప అవతల పారబోసింది. సుబ్బులమ్మను తిట్టడానికి నోరు రాలేదు. ఆ ముసలమ్మ తాను విన్నది విన్నట్టు, చూసింది చూసినట్టు, భక్తిగా చేసింది. మూడు ఉద్ధరిణెలు పోసింది ఎవరు, చుక్క చాలన్నది ఎవరు?

పొద్దున బస్సు వెళ్ళిపోయింది. ఇంకొకటి సాయంత్రానికి గానీ లేదు. మునిరత్నం సైకిలు తీసి, బండో లారీయో దొరుకుతుందని బంగారుపాళ్యం రోడ్డు పట్టాడు. గొంతు కోసం ఆమె ఎప్పుడూ కాచి చల్లార్చిన నీళ్ళు పెట్టుకుంటుంది, అవే చేతికందాయి. చెంచాకు తలగొట్టి చక్కెర, ఉప్పు వేసి కలిపింది. రుచి చూసింది. కన్నీళ్ళకంటే ఉప్పగా ఉండకూడదని మాస్టరు చెప్పాడు. అప్పుడు ఆమె నోట్లో రెండూ కలిసే ఉన్నాయి, తేడా తెలియడానికి మొహం తుడుచుకోవాల్సి వచ్చింది.

బిడ్డ పెదవుల మధ్య చెంచాతో పోసింది. మింగాడు. ఇంకో చెంచా. ఇంకోటి. తర్వాత మొత్తం కక్కేశాడు.

"సూసినారా" అంది సుబ్బులమ్మ. "నీళ్ళు పోస్తే నిలవదని మా అమ్మ నాడే చెప్పింది. వద్దు తల్లీ, నా మనవడిని నాకియ్యండి." చేతులు చాపింది.

పంకజాక్షి అత్త వైపు చూసింది, చంద్రకాంతమ్మ వైపు చూసింది. ఇన్నాళ్ళూ అత్తమాట జవదాటిన పిల్ల కాదు. "ఇంకొంచెం సూస్తాం అత్తా" అంది, చాలా చిన్న గొంతుతో. "నువ్వు బిడ్డకు పాలు గూడా ఇయ్యి" అంది చంద్రకాంతమ్మ. కాసేపు ఆగి మళ్ళీ మొదలుపెట్టింది, ఈసారి నిదానంగా, ఒక చెంచాకూ ఇంకో చెంచాకూ మధ్య వ్యవధి ఇచ్చి. నిలిచింది. అయినా బిడ్డ కళ్ళు తెరవలేదు.

ఇంతలో పందిరి నిండింది. భారతం పెట్టించిన ధర్మకర్త మందిరం గడపలో నిలబడి, "కథ ఆపితే వానొచ్చేది యాడమ్మా" అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఊరంతా ఆయన మొహం చూస్తోంది, ఆయన ఈమె మొహం చూస్తున్నాడు. అప్పటికే పందిట్లో ఎంతమంది ఇళ్ళల్లో శీసాలు దేవుడి గూట్లో ఉన్నాయో అన్న ఆలోచన చంద్రకాంతమ్మను నిలవనివ్వడం లేదు. మడత విప్పని కంచి పట్టుచీర కట్టుకుంది. గజ్జె కట్టుకోలేదు. బిడ్డను ఒళ్ళో పెట్టుకుని, చెంబు పక్కన పెట్టుకుని, వేదిక మీద చతికిలబడి కూర్చుంది. పంకజాక్షిని పక్కనే కూర్చోబెట్టుకుంది. బుడేన్ సాహెబ్ సంగతి గ్రహించి, పాట ఎత్తకుండా శ్రుతి మాత్రం పట్టి ఉంచాడు.

"ఈ పొద్దు పిట్టకథ ముందు చెప్తా" అంది. "మొన్న నేను మీకు పోసింది అమృతం గాదు. అమృతమంటే మీరు సంతోషపడతారని, పిల్లోళ్ళు సప్పట్లు కొడతారని అట్ల చెప్పినా. అవి ఉప్పు, చక్కెర, నీళ్ళు. మీ పొయ్యి కాడ ఉండేవే. దేవుడి గూట్లో పెడితే పులిసిపోతాయి. ఏ పొద్దుకాపొద్దు కాచిన నీళ్ళల్లో కలుపుకోవాల, మిగిలితే పారబొయ్యాల. మూడు ఉద్ధరిణెలు పోసింది మీకు రుచి తెలియాలని. బిడ్డకు అది చాలదు." ముందు వరుసలో ఆ పదో తరగతి పిల్లను చూసింది. "ఎంత తాగాలని నువ్వడిగినావు. నేను నిన్ను నవ్వుల్లో కలిపేసినా. తప్పు నాది. ఒంట్లోంచి ఎంత పోతే అంత లోపలికి పోవాల. తాగిస్తానే ఉండాల. తల్లి పాలు నిలపగూడదు. బిడ్డ ఒంటికి పోయినాడంటే గట్టెక్కినట్టు."

పందిట్లో గుసగుసలు లేచాయి. వెనక వరుసల్లోంచి ఒక ఆడమనిషి లేచి, కొంగు దోపుకుని, గబగబా ఇంటివైపు నడిచింది. ఆమె వెనక ఇంకో ఇద్దరు. వాళ్ళు ఎందుకు పోతున్నారో చంద్రకాంతమ్మకు తెలుసు. వాళ్ళు పందిరి దాటేదాకా కళ్ళతోనే తరిమింది.

ఆ తర్వాత చాలాసేపు ఏమీ జరగలేదు. ఒక చెంచా పోయడం, ఆగడం, ఇంకో చెంచా పోయడం. మధ్యలో ఒకసారి విరేచనమైంది. పంకజాక్షి తుడిచింది, ఇద్దరూ చేతులు కడుక్కుని మళ్ళీ మొదలుపెట్టారు. హరికథలో ఇంతకంటే చప్పని ఘట్టం ఎవరూ చూసి ఉండరు. అయినా ఆ పూట పందిట్లో ఒక్కరూ కునుకు తీయలేదు. ధర్మకర్త పందిరి గుంజ పట్టుకుని ఉండిపోయాడు. సుబ్బులమ్మ వేదిక కింద నేలమీద, మోకాళ్ళు కట్టుకుని, మొహం గట్టిగా పెట్టుకుని కూర్చుంది. ఆమె చూపు చెంచాతో పాటే చెంబు నుంచి బిడ్డ నోటికి, నోటి నుంచి చెంబుకు తిరుగుతోంది. చెంబు సగమైంది. నిండుకుంది. చంద్రకాంతమ్మ ఇంకో చెంబు కలిపింది. బుడేన్ సాహెబ్ చెంచా తలగొట్టి ఇచ్చాడు.

చంద్రకాంతమ్మ మనసులో ఆ సమయంలో ఏ దేవుడూ లేడు. పేగులున్నాయి. ఉప్పు చక్కెర చెయ్యి పట్టుకుందా, లోపలికి పోయిందా అనే ఒక్క సంగతే ఉంది. ఎక్కడో ఎవరో ఏళ్ళ తరబడి కూర్చుని కనుక్కున్న సంగతి నిజమైతే ఈ బిడ్డ ఒంట్లో కూడా నిజం కావాలి. కలకత్తా దిక్కు బిడ్డకు ఒక పేగూ, బంగారుపాళ్యం బిడ్డకు ఇంకో పేగూ ఉండదు. ఆ నమ్మకం మీద ఇంకో చెంచా పోసింది.

పొద్దు వాలుతుండగా చిన్నబ్బ కళ్ళు తెరిచాడు. తెరిచి, నోటిదాకా వచ్చిన చెంచాను పట్టుకోబోయాడు. పట్టు దొరకలేదు, కోపమొచ్చి కేక పెట్టాడు. శబ్దం వచ్చింది. పంకజాక్షి గుడ్లప్పగించి చూసింది. ఆ కేకతో పాటే చంద్రకాంతమ్మ ఒళ్ళో వెచ్చగా ఏదో పాకింది. మళ్ళీ విరేచనమేనేమోనని బిడ్డను పైకెత్తి చూసింది. కంచి పట్టుచీర మీద, జరీ అంచుదాకా, తడి.

"ఉచ్చ పోసినాడు" అంది. పందిట్లో ఎవరికీ వినబడలేదు. మూడు వేలమందికి మైకు లేకుండా కథ చెప్పిన గొంతు అది.

"ఏమన్నాది" అని వెనక నుంచి ఎవరో అడిగారు.

"మనోడు ఒంటికి పోసినాడప్పా" అన్నాడు బుడేన్ సాహెబ్ హార్మోనియం మీద నుంచి చేతులు తీసి, అందరికీ వినబడేటట్టు. జనం గోవిందా అన్నారు. ఉచ్చకు గోవిందా కొట్టిన ఊరు అదొక్కటే అయి ఉంటుంది. బడిపిల్లలు పడీపడీ నవ్వారు. చంద్రకాంతమ్మ మాత్రం నవ్వలేదు, దాచుకోకుండా, గట్టిగా, చిన్నపిల్లలాగా ఏడ్చింది. పంకజాక్షి బిడ్డను తీసుకుని రొమ్ముకు పెట్టుకుంది. వాడు తాగాడు.

ఆడవాళ్ళు చెంబులు పట్టుకుని వేదిక దగ్గరకు వచ్చారు, కొలత మళ్ళీ చూపించమని. చంద్రకాంతమ్మ తడిసిన చీరతోనే కూర్చుని, చెంచాకు తలగొట్టడం ఒక్కొక్కరి చేత చేయించింది. ఎవరైనా ఉప్పు గుప్పించబోతే చెయ్యి పట్టుకుంది. ఆ పదో తరగతి పిల్ల, ఎంత తాగించాలో అడిగినవాళ్ళకు తానే చెబుతోంది. ధర్మకర్త కథ గురించి ఇంకేమీ అడగలేదు.

మునిరత్నం కాయలు దించి వస్తున్న లారీ ఒకదాన్ని వెంటబెట్టుకుని వచ్చాడు. బిడ్డను చిత్తూరు పెద్దాసుపత్రిలో ఒకసారి చూపించాలని చంద్రకాంతమ్మ పట్టుబట్టింది. పంకజాక్షిని ముందు సీట్లో ఎక్కించారు. సుబ్బులమ్మ వేదిక మీద ఉన్న నిండు చెంబు, చెంచా తీసుకుని, కోడలి పక్కన ఇరుక్కుని కూర్చుంది. లారీ కదలక ముందే చిన్నబ్బ నోట్లో చెంచా పెట్టింది. తర్వాత తల బయటికి పెట్టి, గుంపులో నిలబడ్డ పక్కింటామెను పేరు పెట్టి పిలిచింది.

"వరదమ్మా, నీ మనవరాలికి గూడా బేదులంటివి గదా. ఈడ నిలబడి నన్నేమి సూస్తావు. పోయి పొయ్యి మీద నీళ్ళు పెట్టు పో."